మెయిన్ వాల్వు గారి టీవీ లైను

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయనకీ ఒకటి ఉండేది. దాన్ని ఆఖరుసారి ఎవరు వాడారో ఆయనకే గుర్తులేదు. నీళ్ళ ఆఫీసులో చేరిన కొత్తలోనే తోటివాళ్ళు ఆయనకి "మెయిన్ వాల్వు" అని పేరు పెట్టారు. ఆయన తిప్పితే వీధికి నీళ్ళొచ్చేవి, ఆయనకి కోపమొస్తే వీధంతా బిందెలు పట్టుకుని నిలబడేది. వెక్కిరింతకి పెట్టిన పేరును కాస్తా ఆయన బిరుదు చేసుకున్నాడు. రిటైరైన తరవాత కూడా ఎవరైనా ఫోన్ చేస్తే, "ఆఁ, మెయిన్ వాల్వునే మాట్లాడుతున్నా, చెప్పండి" అనేవాడు. అలాంటి మహానుభావుడికి సొంతిల్లు కట్టుకునే యోగం పట్టింది. ఇక ఆ ఇంటి గోడలు పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు.

బతుకంతా పైపుల మధ్య గడిపినవాడికి లోకం పైపుల్లాగానే కనిపిస్తుంది. తప్పు ఆయనది కాదు. కరెంటంటే తీగలో పారే నీళ్ళని ఆయన సిద్ధాంతం. కొడుకు చదువు బుర్రకెక్కకపోతే "ఎక్కడో ఎయిర్ పట్టేసింది" అనేవాడు. నెలల తరబడి ఇంట్లో తిష్ట వేసే బావమరిదిని లీకేజీ అనేవాడు, అదీ అతని ఎదటే. అతను నవ్వేసి ఇంకో కప్పు టీ అడిగేవాడు. ఆ మనిషికి సిగ్గూ ఎగ్గూ ఉంటే ఈ కథలో ఇంత చోటు దొరికేది కాదు.

అంతకు ముందు వాళ్ళుండేది రెండు గదుల అద్దె కొంప. ముందు గదిలో టీవీ, వెనక గదిలో పొయ్యి, రెంటికీ మధ్య ఒక గోడ. ఆ గోడకి ఇవతల ఆయన పేపరు చదువుకుంటూ పడక్కుర్చీలో ఉండేవాడు. అవతల ఆయన భార్య వంట చేస్తూ ఉండేది. సాయంత్రం సరిగ్గా కూర పొయ్యి మీదున్న వేళకే ఒక సీరియల్ వచ్చేది. ఒక ఉమ్మడి కుటుంబం, ఇద్దరు కోడళ్ళు, ఒక గయ్యాళి అత్త, ఎప్పుడు చూసినా ఎవరో ఒకరి ఏడుపు. అది మొదలైనప్పుడు వీళ్ళ కొడుకు నిక్కర్లు తొడుక్కునేవాడు. ఇప్పుడు వాడికి పెళ్ళాం కూడా వచ్చింది. అన్నేళ్ళుగా ఆవిడ ఆ సీరియల్ని ఒక్కరోజు కూడా వదల్లేదు. కానీ ఒక్కరోజు కూడా చూడలేదు. గోడకి అవతల నుంచి వినేది, అంతే. గొంతులు ఆవిడకి కంఠతా వచ్చు. పెద్ద కోడలు ఏడిస్తే ముక్కుతో ఏడుస్తుంది, చిన్న కోడలు ఏడిస్తే మధ్యలో దగ్గుతుంది. ఏ పాత్ర గుమ్మంలో అడుగు పెట్టిందో తలుపు చప్పుడుని బట్టి చెప్పేది. ఎప్పుడైనా మనసాగక చేతులు తుడుచుకుని ముందు గదిలోకి పరిగెత్తుకొస్తే, ఈవిడ వచ్చేసరికి తెర మీద సబ్బుల ప్రకటన ఉండేది. సబ్బుల ప్రకటనల్లో ఆడేవాళ్ళ మొహాలు మాత్రం ఆవిడకి బాగా తెలుసు.

కొత్త ఇంటికి గోడలు లేచి, సిమెంటు పూత ఇంకా పడని రోజుల్లో ఆవిడకి ఒక వార్త తెలిసింది. ఆ సీరియల్ అయిపోతోందట. మహా అయితే ఇంకొన్ని వారాలు. ఆ మధ్యాహ్నం ఆవిడ కొత్తింటికి అన్నం క్యారేజీ పట్టుకెళ్ళింది. మెయిన్ వాల్వు గారు చేతిలో సుద్దముక్కతో, ఇటుక గోడల మీద సున్నాలు చుట్టుకుంటూ తిరుగుతున్నాడు. ఒక్కో సున్నా ఒక్కో టీవీ పాయింటు. ఆవిడ క్యారేజీ కింద పెట్టి, ఎన్నడూ ఏదీ అడగని మనిషి, ఆ వేళ అడిగింది.

"ఏవండీ, వంటింట్లో కూడా ఒకటి పెట్టించండి. చిన్న టీవీ అయినా చాలు. ఆ సీరియల్ ఆఖరి రోజన్నా వాళ్ళ మొహాలు చూడాలని ఉంది నాకు."

"వంటింట్లో టీవీ ఏమిటే? కూర మాడి చస్తుంది," అన్నాడాయన, గోడ మీంచి చూపు తిప్పకుండా.

అక్కడే ఇసక గుట్ట మీద కూర్చున్న బావమరిది పకపకా నవ్వాడు. కొడుకు ఆవిరికి టీవీ పాడైపోతుందన్నాడు. కోడలు పాపం మంచిపిల్లే, అత్తగారి మీద ప్రేమ ఉన్నదే, అయినా నూనె చిట్లుతుంది కదా అత్తయ్యా అంది. అందరి మాటల్లోనూ న్యాయం ఉంది. ఒకే ఒక్క అన్యాయం ఏమిటంటే, మాడే కూర తినేది అందరూ, మాడకుండా చూడాల్సింది ఆవిడొక్కతే. ఒక మాట రెండోసారి అడిగే అలవాటు ఆవిడకి లేదు. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు. మొదటిసారి కాదనడానికి అంత ధైర్యం అందుకే.

వంటింటికి దక్కని సున్నాలు ఇల్లంతా వెలిశాయి. హాల్లో ఒకటి. ఆయన మంచం ఎదురుగా ఒకటి. కొడుకు గదిలో రెండు, ఎందుకంటే మొగుడూ పెళ్ళాలకి మంచం ఏ గోడకి వెయ్యాలో ఇంకా తేలలేదు. బావమరిది వచ్చినప్పుడు ఉండే గదిలో ఒకటి. వచ్చినప్పుడు అనడం మర్యాద కోసం, అతను వెళ్ళినప్పుడు కదా మళ్ళీ వచ్చేది. వరండాలో ఒకటి. ఆఖరికి మెట్ల మలుపులో కూడా ఒకటి. అక్కడెందుకు మావయ్యగారూ అని కోడలు అడిగితే, మెట్లెక్కి అలిసినవాడు నిమిషం ఆగి వార్తలు చూసుకుంటాడన్నాడు. ముందుచూపు అంటే అదీ.

ఎలక్ట్రీషియన్‌కి నోట్లో ఎప్పుడూ మేకులు, చెవి దగ్గర ఎప్పుడూ ఫోను. రెంటి మధ్యా చిక్కుకున్న మాటతో ఒకసారి అన్నాడు, ఒక్కో టీవీకీ డాబా మీద నుంచి విడివిడిగా వైరు లాగుతారు కదా సార్ మామూలుగా, అని. మెయిన్ వాల్వు గారికి చిర్రెత్తుకొచ్చింది. సుద్దముక్క జేబులో వేసుకుని పాఠం మొదలుపెట్టాడు. డాబా మీద నీళ్ళ ట్యాంకు ఎన్ని? ఒకటి. కిందికి దిగే మెయిన్ లైను ఎన్ని? ఒకటి. మరి కుళాయిలు? ఎన్నైనా పెట్టుకోవచ్చు. గదికో ట్యాంకు కట్టుకున్న వెర్రివాణ్ణి ఎక్కడైనా చూశావా? డిష్ ఆకాశంలో ట్యాంకు లాంటిది. దాన్నుంచి ఒకే లైను దిగాలి, గది గదికీ పాయ తియ్యాలి, మధ్యలో ఒక వాల్వు పెట్టాలి. ఆ డిష్ వాళ్ళిచ్చే బాక్సే ఆ వాల్వు.

ఎలక్ట్రీషియన్ లోపల్లోపల లెక్క చూసుకున్నాడు. వైర్లు దూర్చే పైపు ఒకటే అయితే గోడ కొట్టే పని సగానికి సగం తగ్గుతుంది. సార్ చెప్పిందే కరెక్టు అన్నాడు. పనివాడు యజమాని తెలివిని అంత తొందరగా ఒప్పుకున్నాడంటే అనుమానించాలి. ఆయన మాత్రం పొంగిపోయాడు.

"వాల్వెక్కడ పెట్టమంటారు సార్?"

దానికీ ఆయన దగ్గర రూలు ఉంది. వాల్వు ఎప్పుడూ వెనకే ఉండాలి. వీధి గుమ్మంలో వాల్వు పెట్టిన ఇంజనీరు నీళ్ళ ఆఫీసు పుట్టాక లేడు. హాల్లో డబ్బాలూ తీగలూ వేలాడితే చూసేవాళ్ళకి అసహ్యం. ఇంట్లోకి వచ్చినవాడికి గోడా టీవీ తప్ప ఒక్క అంగుళం వైరు కనపడకూడదు. కాబట్టి ఎవరూ చూడని చోట, వంటింటి వెనక గోడలో ఒక గూడు కొట్టించి, ఇంటిలోని తీగలన్నిటినీ అక్కడికి చేర్పించాడు. టీవీ వద్దన్న వంటింట్లోనే. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషికి నాలుగో కాలు కళ్ళెదుట తన్నినా కనపడదు.

పూత పడింది, రంగులు పడ్డాయి. గోడలు తెల్లగా, నున్నగా, వెతికినా ఒక్క తీగ కనపడకుండా తయారయ్యాయి. వీళ్ళు కొత్తింట్లోకి మారారు. మారిన మర్నాడు డిష్ బిగించే అతను వచ్చాడు. డాబా మీద డిష్ పెట్టి, ఆకాశంలో దానికి కావలసిన మూల వెతికి, బాక్సు తెచ్చి వంటింటి గూట్లో కూర్చోబెట్టి, మీట నొక్కాడు. అన్ని గదుల్లోనూ టీవీలు ఒక్కసారే వెలిగాయి. మెయిన్ వాల్వు గారు గది గదికీ తిరిగి చూసుకున్నాడు. మెట్ల మలుపులో అయితే కాసేపు నిలబడి అలిసినట్టు నటించాడు కూడా. ఆ పావుగంటలో ఆయన పడ్డ సంతోషం ఆయన సర్వీసు మొత్తంలో పడలేదు.

పావుగంట తరవాత కొడుకు తన గదిలోంచి కేకేశాడు. పాటలు పెడదామంటే వార్తలు పోవడం లేదట. బావమరిది గదిలోనూ వార్తలే. వరండాలో వార్తలే, మెట్ల మీద వార్తలే. అందరూ ఎవరి రిమోట్లు వాళ్ళు నొక్కి నొక్కి వేళ్ళు నొప్పెట్టాక డిష్ అతన్ని పట్టుకున్నారు.

అతను వంటింట్లో ఆవిడిచ్చిన టీ తాగుతున్నాడు. గ్లాసు దించకుండానే విషయం చెప్పాడు. బాక్సు ఒకటే కదండీ, అందులో ఏ చానెల్ పెడితే ఇల్లంతా అదే వస్తుంది. మార్చాలంటే ఈ వంటింట్లోకొచ్చి దీని రిమోట్‌తోనే మార్చాలి. ఒక్కో గదిలో ఒక్కో చానెల్ కావాలంటే ఒక్కో బాక్సూ, డాబా మీద నుంచి ఒక్కో వైరూ కావాలి. ఆ వైర్లు ఈ పైపులోంచే లాగెయ్యవయ్యా అంటే, ఆ సన్న పైపులో ఉన్న వైరుకే ఊపిరాడటం లేదన్నాడు. గోడలు పగలగొట్టండి, లేకపోతే గోడల మీద నుంచి పైకే లాగించుకోండి.

కొత్త గోడలు పగలగొట్టడానికి ఆయనకి ప్రాణం ఒప్పలేదు. వైరు పైకి కనపడటానికి పరువు ఒప్పలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు నిలబడిపోయాడు. డిష్ అతను పోతూ పోతూ ఒక మాట అన్నాడు. "నిజం చెప్పాలంటే ఈ వంటింట్లో టీవీ పెడితే వైరింగే అక్కర్లేదండీ. బాక్సు పక్కనే కదా." ఆ మాట అక్కడున్న ఒక్కరికీ వినపడలేదు. ఆవిడకి తప్ప.

ఆ రోజు నుంచీ ఇంటి రాజ్యాంగం మారిపోయింది. మెయిన్ వాల్వు గారు పదవి పోగొట్టుకున్నాడు. ఎవరికేం కావాలన్నా వంటింటి గుమ్మంలో నిలబడి అర్జీ పెట్టుకోవలసిందే. పొద్దున్నే బావమరిది వచ్చి అక్కా కాస్త మ్యాచ్ పెట్టవే అనేవాడు. ఇంతలోనే ఎక్కడ మార్చేస్తుందో అని, ఆవిడ అడక్కుండానే మంచినీళ్ళ బిందె నింపిపెట్టేవాడు. పుట్టి బుద్ధెరిగాక అతను చేసిన మొదటి పని అది. కోడలు కూరలు తరిగే వంకతో రిమోట్ పక్కనే కత్తిపీట వేసుకుంది. కొడుకు అమ్మ చేతి వంటని పొగడటం మొదలుపెట్టాడు, అదీ తినకముందే. ఇక ఆయన. ఊరికి నీళ్ళిచ్చిన ఆయన, పొద్దుట వార్తల కోసం వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని, ఇదిగో కాస్త వేస్తావా అని అడగడం, ఆవిడ కూర దించనీండి అనడం, ఆయన సరే అని నిలబడటం. ఆవిడ ఎవర్నీ ఏడిపించలేదు. అడిగినవాళ్ళకి అడిగింది పెట్టింది. సాయంత్రం పూట మాత్రం సీరియల్ పెట్టేది. అప్పుడది ఇల్లంతా వచ్చేది, మెట్ల మీద కూడా. ఆవిడ మటుకు పొయ్యి దగ్గర నిలబడి ఎప్పట్లాగే వినేది. ఇంట్లో ఇన్ని టీవీలుండి, అన్నిటిలోనూ తన సీరియలే వస్తుండగా, చూడని మనిషి ఆవిడొక్కతే.

ఆఖరి రోజు రానే వచ్చింది. వచ్చి వచ్చి అది మ్యాచ్ ఫైనల్ రోజున పడింది. రెండూ ఒకే వేళకి. పొద్దుటి నుంచీ ఇంట్లో మగాళ్ళు వంటింటి చుట్టూ పిల్లుల్లా తిరిగారు. బావమరిది రెండు బిందెలు నింపాడు. ఆవిడ ఔననలేదు, కాదనలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మెయిన్ వాల్వు గారే తీర్పు చెప్పేశాడు. ఇవాళ మ్యాచ్. సీరియల్ ఎక్కడికీ పారిపోదు, రేపు పొద్దున మళ్ళీ వేస్తాడు, అప్పుడు తీరిగ్గా వినొచ్చు.

వినొచ్చు అన్నాడు. ఆ ముక్క ఎంత అలవాటుగా వచ్చిందంటే, అన్న ఆయనకీ తెలియలేదు. కోడలు తల ఎత్తి అత్తగారి మొహం చూసింది. ఆవిడ మాత్రం, "మజ్జిగ వెయ్యనా?" అని అడిగింది.

సాయంత్రం హాల్లో ముగ్గురు మగాళ్ళూ సర్దుకుని కూర్చున్నారు. మ్యాచ్ మంచి పట్టు మీదుంది. బౌలర్ పరిగెత్తుకొస్తున్నాడు. బంతి వాడి చెయ్యి వదిలేలోపు తెర మీద బౌలర్ మాయమై, ఉమ్మడి కుటుంబం ప్రత్యక్షమైంది. బావమరిది అయ్యయ్యో అంటూ తన గదిలోకి పరిగెత్తాడు, అక్కడా ఉమ్మడి కుటుంబమే. కొడుకు వరండాలోకి పరిగెత్తాడు, అక్కడా అదే. వాళ్ళు ఇంటిని చుట్టబెట్టి వచ్చేసరికి ఆవిడ చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది. ఆ చేతిలో తాళంచెవి ఉంది. పొయ్యి ఆపేసి, రిమోట్ లోపలే పెట్టి, వంటింటికి తాళం వేసి మరీ వచ్చింది.

"అక్కా, ఫైనల్ మ్యాచే! తాళం ఇవ్వవే!"

"అయ్యాక ఇస్తాను," అంది.

"మరి వంటో?" అన్నాడు కొడుకు.

"అదీ అయ్యాకే."

ఆవిడ గొంతు పెంచలేదు. మెయిన్ వాల్వు గారికి ఒక్క క్షణం అరవాలనిపించింది. కానీ ఎవరి మీద అరవాలి? ఆ గూడు కొట్టించింది తను. తీగలన్నీ అక్కడ చేర్చింది తను. కుర్చీలో జరిగి చోటిచ్చాడు. ఆయన పక్కన కుర్చీ లాక్కుని ఆవిడ కూర్చుంది. కోడలు వచ్చి అత్తగారి కాళ్ళ దగ్గర చాప వేసుకుంది. మగాళ్ళిద్దరూ మొహాలు గంటు పెట్టుకుని గోడకి చేరబడ్డారు. ఆయన ఎప్పట్లాగే పేపరు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

కాసేపటికి, భార్య ఎంత మురిసిపోతోందో చూద్దామని, పేపరు పక్క నుంచి ఓరగా చూశాడు. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది.

ఆయనకి ఒళ్ళు మండింది. ఇంతమందిని ఇంత ఏడిపించి, వంటింటికి తాళం వేసి వచ్చింది నిద్రపోవడానికా?

"నిద్రొస్తోందా ఏం?" అన్నాడు.

"లేదండీ," అంది కళ్ళు తెరవకుండానే. "తెర చూస్తుంటే ఎవరెవరో తెలియటం లేదు. పెద్ద కోడలనుకున్నది చిన్న కోడలు గొంతుతో మాట్లాడుతోంది. కళ్ళు మూసుకుంటే అందరూ తెలుస్తున్నారు."

ఆయన చేతిలో పేపరు దానంతటదే కిందికి దిగింది. ఆయన చెడ్డవాడు కాదు. కొట్టలేదు, తిట్టలేదు, పుట్టింటికి పంపనని బెట్టు చెయ్యలేదు. ఆవిడకి లోటు చేశానని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడు మాత్రం సిగ్గేసింది. తెరవైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఆ పొడుగ్గా, నీలం రంగు బట్టల్లో ఉందే, అదీ పెద్ద కోడలు," అన్నాడు మెల్లిగా.

ఆవిడ కళ్ళు తెరిచింది. "ఈవిడా? లావుగా ఉంటుందనుకున్నానే నేను."

"ఆ స్తంభం పక్కన గోళ్ళు కొరుక్కునేది చిన్నది. మొదట్లో వేరే పిల్ల వేసేది, మధ్యలో ఈ పిల్లని తెచ్చారు. ఆ ముసలాయన మామగారు. ఆయన ఆమధ్య ఇల్లు రాసిచ్చేశాడుగా, అప్పట్నుంచీ ఆ మూల కుర్చీలోనే కూర్చుంటాడు."

"అత్తగారో?"

"అదిగో, ఇప్పుడు మెట్లు దిగుతోంది చూడు."

"ఎంత చిన్న మనిషి! ఆ గొంతు ఈవిడదా?" అని ఆవిడ ముందుకి వంగింది. ఆవిడ మొహంలో అంత వెలుగు ఆయన చాలా ఏళ్ళుగా చూడలేదు. ఆయనా ఉత్సాహపడి చెప్పుకుపోయాడు, ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరు ఎప్పుడు ఇల్లు వదిలి ఎప్పుడు తిరిగొచ్చారో. కొడుకూ బావమరిదీ నోళ్ళు తెరుచుకుని ఆయన్నే చూస్తున్నారు. ఆడవాళ్ళ ఏడుపుగొట్టు సీరియళ్ళు నేను కన్నెత్తి చూడనని ఊరందరితో చెప్పిన మనిషి.

ఆవిడ కూడా తెర మీంచి చూపు తిప్పి ఆయన వైపు చూసింది.

"మీకు అందరూ తెలుసే!"

"ఎదురుగా కూర్చున్నాక తెలియకేం," అన్నాడు నవ్వబోతూ.

"మరి నేను లోపల్నుంచి, ఎవరండీ అది ఏడుస్తోంది, అని అడిగినప్పుడల్లా, ఏమో నాకేం తెలుసు అనేవారు."

ఆ మాటలో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది. ఆయన పేపరు మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు.

ఆవిడ మళ్ళీ తెరవైపు తిరిగింది. "పోనీండి, అయిపోవస్తోంది. ఆ తలుపు దగ్గర నిలబడ్డది ఎవరో చెప్పండి," అంది.